నీళ్ల రిపోర్టులో ‘లేదు’ అని రాస్తే లేనట్టేనా?

క్లుప్తంగా: మందుల అవశేషాలు, పీఫాస్ (ఫ్లోరిన్ నిండిన, ఓ పట్టాన విచ్ఛిన్నం కాని రసాయనాల కుటుంబం) లాంటివి తాగునీటిలో ఉన్నాయన్న వార్తలు తరచూ వస్తున్నాయి. ఇవి లీటరుకు నానోగ్రాముల్లో ఉంటాయి కాబట్టి మామూలు నీటి పరీక్షలకు చిక్కవు. ప్రయోగశాల కూడా తన జాబితాలో ఉన్నవాటినే వెతుకుతుంది. ఆ జాబితాను పెంచడం, కొలత హద్దును కిందికి దించడం, కొలిచిన అంకెను నమ్మదగ్గదిగా చేయడం చాలావరకు పీహెచ్‌డీ పరిశోధనల్లో జరిగే పని. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

వాటర్ ప్యూరిఫయర్ అమ్మడానికి ఇంటికొచ్చే కుర్రాడి చేతిలో పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ఉంటుంది. కుళాయి నీళ్లలో ముంచితే 420 అంటుంది, అతని మెషీన్ నీళ్లలో ముంచితే 40 అంటుంది. చూసే ఇంటివాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ మీటర్ చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల సంగతి. అది కూడా నేరుగా కొలిచింది కాదు, నీళ్ల గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి వేసిన అంచనా. లెక్క లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. వార్తల్లో నలుగుతున్న రసాయనాల లెక్క నానోగ్రాముల్లో ఉంటుంది. మిల్లీగ్రాములో పది లక్షల వంతు నానోగ్రాం. మీటర్ మీద 40 వచ్చినా, 420 వచ్చినా ఆ రసాయనాల గురించి తెలిసేది ఏమీ లేదు.

‘కొత్త’ అన్న మాటతో చిక్కు

ఇంగ్లిష్‌లో ‘ఎమర్జింగ్ కంటామినెంట్స్’ అనేవాటిని తెలుగులో కొత్త కాలుష్యకాలు అంటున్నారు. ఈ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే పీఫాస్ రసాయనం ఉత్పత్తి 1940ల చివర్లోనే మొదలైంది. యాంటీబయాటిక్‌లు, నొప్పి మాత్రలు, పురుగుమందులు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పదార్థాలు దశాబ్దాలుగా కాలువల్లో కలుస్తూనే ఉన్నాయి. కొత్తగా వచ్చింది వాటిని పట్టుకునే పరికరమే. చట్టంలో ఇంకా హద్దు లేకపోవడం, హాని ఎంతో పూర్తిగా తేలకపోవడం కూడా ‘కొత్త’ అనిపించుకోవడానికి కారణాలు.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. తాగునీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయడం 20వ శతాబ్దం మొదట్లోనే ఊపందుకుంది. నీళ్లలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థంతో ఆ క్లోరిన్ కలిసి క్లోరోఫాం పుట్టిస్తోందని 1974లో గానీ బయటపడలేదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ దాన్ని గ్యాస్ క్రోమటోగ్రఫీ (ఆవిరి రూపంలో రసాయనాలను విడదీసే పద్ధతి)తో పట్టుకున్నారు. అయిదేళ్లకే, 1979లో, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ తరహా పదార్థాలకు లీటరుకు 100 మైక్రోగ్రాముల (లక్ష నానోగ్రాముల) హద్దు పెట్టింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లోనూ క్లోరోఫాంకు హద్దు ఉంది. అరవై డెబ్భై ఏళ్లు ఎవరికీ కనిపించని పదార్థం, పరికరం రాగానే కాలుష్యకం అయింది. దాన్ని కొత్తది అనడం అమెరికాను కొలంబస్ కనిపెట్టాడనడం లాంటిదే. అక్కడ జనం అప్పటికే ఉన్నారు.

ఒక టీఎంసీకి 28 గ్రాములు

తెలుగు పాఠకులకు టీఎంసీ అంటే వివరించక్కర్లేదు. నదీజలాల గొడవల పుణ్యమా అని అది ఇంటింటి మాట అయింది. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లలో 28 గ్రాముల పదార్థం సమానంగా కలిస్తే లీటరుకు 1 నానోగ్రాం అవుతుంది. 500 మిల్లీగ్రాముల మాత్రలు 56 తీసుకుని ఒక టీఎంసీలో కరిగించడం అన్నమాట. పీఎఫ్‌ఓఏకు ఈపీఏ 2024 ఏప్రిల్‌లో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు, అంటే టీఎంసీకి సుమారు 113 గ్రాములు.

ఇంత తక్కువ మోతాదుకు భయపడాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు పదార్థాన్ని బట్టి మారుతుంది. లీటరుకు 10 నానోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్ల చొప్పున తాగితే, ఒక 500 మిల్లీగ్రాముల మాత్రకు సరిపడా మందు ఒంట్లోకి చేరడానికి 68 వేల ఏళ్లు పడుతుంది. అక్కడ ఆందోళన తాగే మనిషికి అందే డోసు గురించి కాదు. మందు దండిగా చేరిన మురుగులో, కాలువ బురదలో యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా తయారవుతుందన్నదే అసలు భయం. పీఎఫ్‌ఓఏ తీరు పూర్తిగా వేరు. అది శరీరంలో విచ్ఛిన్నం కాదు, రక్తంలో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా చేరేది పేరుకుంటూ పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023 చివర్లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘నీళ్లలో విషాలు’ అని హెడ్డింగ్ పెట్టడం వల్లే పాఠకుల్లో సగం గందరగోళం పుడుతోంది.

ల్యాబ్‌లో జరిగే పని

ఈ రంగంలో పీహెచ్‌డీ చేసేవారి తొలి ఏడాది, చాలాసార్లు రెండో ఏడాది కూడా, కొలిచే పద్ధతిని గాడిలో పెట్టడానికే పోతుంది. ‘ఏం దొరికింది’ అని అడిగేవాళ్లకు ఆ కాలమంతా వృథా అనిపిస్తుంది. సిద్ధాంత వ్యాసానికి పునాది పడేది అక్కడే.

తిప్పలు నీళ్లు పట్టేటప్పుడే మొదలవుతాయి. కుళాయి నీళ్లలో మిగిలిన క్లోరిన్ సీసాలో కూడా పని చేస్తూనే ఉంటుంది. ల్యాబ్‌కు చేరేలోపు మందు అణువులను మార్చేస్తుంది. అందుకే పట్టిన వెంటనే క్లోరిన్‌ను చంపే పదార్థం కలుపుతారు, ఐస్ పెట్టెలో పంపుతారు. పీఫాస్ కోసమైతే మరో బెడద ఉంది. ప్లంబర్లు పైపుల మరలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు, వాన తడవకుండా వేసుకునే జాకెట్, కొన్ని సీసా మూతల లోపలి పొర, ఆఖరికి కొలిచే యంత్రంలోని గొట్టాలు, వీటన్నింటి నుంచీ అదే జాతి రసాయనాలు ఊరతాయి. నీళ్లలో దొరికిందనుకున్నది మనం మోసుకెళ్లిందే కావచ్చు. దీనికి విరుగుడుగా, ఏ కాలుష్యమూ లేని శుద్ధ జలాన్ని కూడా అదే సీసాలో, అదే దారిలో తీసుకెళ్లి పరీక్షిస్తారు. దీన్ని బ్లాంక్ అంటారు. బ్లాంక్‌లోనే రసాయనం కనిపిస్తే ఆ రోజు పని మళ్లీ మొదటికి వస్తుంది.

తర్వాత చిక్కబరచాలి. పావు లీటరు నుంచి అర లీటరు నీళ్లను ప్రత్యేకమైన పొడి నింపిన చిన్న గొట్టం గుండా నిదానంగా పంపుతారు. నీళ్లు కిందికి జారిపోతాయి, రసాయనాలు పొడికి అంటుకుంటాయి. వాటిని కొద్దిపాటి మిథనాల్‌తో కడిగి 1 మిల్లీలీటరుకు కుదిస్తారు. అలా గాఢత 250 నుంచి 500 రెట్లు పెరుగుతుంది. పాలు మరిగించి కోవా చేసినట్టే. కాకపోతే కోవాలో పాలలోని మంచీ చెడూ రెండూ చిక్కబడినట్టు, ఇక్కడ కూడా అక్కర్లేని సేంద్రియ పదార్థమంతా వెంటే వస్తుంది.

ఆ బొట్టు లిక్విడ్ క్రోమటోగ్రఫీ యంత్రంలోకి వెళ్తుంది. అందులోని సన్నటి స్తంభంలో ఒక్కో రసాయనం ఒక్కో వేగంతో కదిలి, విడివిడిగా బయటికి వస్తుంది. చివర్లో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ వాటికి విద్యుదావేశం ఎక్కించి బరువు తూస్తుంది. పీఎఫ్‌ఓఏ అయాన్ బరువు 413. దాన్ని గుద్ది పగలగొడితే 369 బరువున్న ముక్క ఒకటి, 169 బరువున్న ముక్క ఒకటి వస్తాయి. స్తంభం నుంచి బయటపడిన సమయం సరిపోవాలి, రెండు ముక్కలూ కనబడాలి, వాటి నిష్పత్తి కుదరాలి. అప్పుడే ఇది ఫలానా అని రాస్తారు.

ఎంత ఉందో చెప్పడం ఇంకా కష్టం. వెంట వచ్చిన సేంద్రియ పదార్థం అసలు రసాయనానికి ఆవేశం ఎక్కకుండా అడ్డుపడుతుంది. దాంతో పది ఉన్నచోట ఆరే కనిపించవచ్చు. దీనికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం తెలివైనది. వెతుకుతున్న రసాయనానికి కవల లాంటిదాన్ని, మామూలు కార్బన్ బదులు కాస్త బరువైన కార్బన్-13 పెట్టి తయారు చేసినదాన్ని, లెక్క ప్రకారం మొదట్లోనే నీళ్లలో కలుపుతారు. కవల వంద వేస్తే అరవై తిరిగి వచ్చిందంటే, అసలుది కూడా అదే వంతున తగ్గి ఉంటుందని లెక్క సరిచేస్తారు. ఈ కవలలు గ్రాముల్లో దొరకవు, మిల్లీగ్రాముల్లో కొనాలి. చాలావరకు దిగుమతి సరుకే. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పథకం కాగితం మీద ముప్పై రసాయనాలతో మొదలై పన్నెండుకు కుదించుకుపోవడానికి ఈ ఖర్చు ఒక ముఖ్య కారణం.

ఇంత చేసినా యంత్రానికి ఒక అడుగు హద్దు ఉంటుంది. అంతకంటే తక్కువ ఉంటే రిపోర్టులో ‘గుర్తించబడలేదు’ అని పడుతుంది. ఒక ల్యాబ్ హద్దు 50 నానోగ్రాములు, మరో ల్యాబ్ హద్దు 2 నానోగ్రాములు అనుకుందాం. లీటరుకు 20 నానోగ్రాములున్న అవే నీళ్లు మొదటి ల్యాబ్‌లో ‘లేదు’, రెండో ల్యాబ్‌లో ‘ఉంది’ అవుతాయి. రెండు రిపోర్టులూ నిజమే చెబుతున్నాయి. హద్దు ఎంతో రాయని ‘లేదు’కు విలువ లేదు.

జాబితాలో లేనిదాన్ని పట్టుకోవడం

పైన చెప్పిందంతా పేరు తెలిసిన రసాయనం గురించి. పేరే తెలియనిదాన్ని వెతకడం వేరే విద్య. దానికి అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగిన ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు.

పీఎఫ్‌ఓఏ మీద ఒత్తిడి పెరిగాక పెద్ద కంపెనీలు 2015 నాటికల్లా దాన్ని మానేస్తామని ఒప్పుకున్నాయి. దాని స్థానంలో జెన్‌ఎక్స్ అనే ప్రత్యామ్నాయం వచ్చింది. నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది ఒడ్డున, ఫాయెట్‌విల్ దగ్గర ఉన్న ఫ్యాక్టరీలో ఈ కుటుంబానికి చెందిన రసాయనాలు తయారవుతాయి. నది కింది భాగంలో విల్మింగ్టన్ నగరం ఆ నీళ్లే తాగుతుంది. అక్కడి నీటి పరీక్షలన్నీ నియమాల ప్రకారమే జరిగేవి. జాబితాలో జెన్‌ఎక్స్ లేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

ఈపీఏ పరిశోధకులు మార్క్ స్ట్రైనార్, ఆండ్రూ లిండ్‌స్ట్రామ్ బృందం మరో దారిలో వెళ్లింది. మామూలు మాస్ స్పెక్ట్రోమీటర్ బరువును పూర్ణాంకంగా చూస్తుంది. హై రిజల్యూషన్ యంత్రం దశాంశం తర్వాత మూడు నాలుగు స్థానాల దాకా చూస్తుంది. ఉదాహరణకు నైట్రోజన్ అణువు, కార్బన్ మోనాక్సైడ్ అణువు రెండింటి బరువూ 28 అంటాం. నిజానికి ఒకటి 28.006, మరొకటి 27.995. హైడ్రోజన్ పరమాణువు బరువు 1 కంటే కొంచెం ఎక్కువ, ఫ్లోరిన్ బరువు 19 కంటే కొంచెం తక్కువ. అందుకని హైడ్రోజన్ నిండిన మామూలు సేంద్రియ పదార్థాల బరువు పూర్ణాంకానికి కాస్త పైన పడుతుంది, ఫ్లోరిన్ నిండినవాటిది కాస్త కింద పడుతుంది. పీఎఫ్‌ఓఏ అయాన్ బరువు కచ్చితంగా చెప్పాలంటే 412.966. నది నీళ్లలోని వేల సంకేతాల్లో ఇలా పూర్ణాంకానికి కింద ఉన్నవాటిని మాత్రం ఏరితే అనుమానితుల పట్టిక సిద్ధమవుతుంది. ఆ తరహా వెతుకులాటలో అంతకుముందు ఎవరూ నమోదు చేయని ఫ్లోరిన్ సమ్మేళనాలు బయటపడ్డాయి. 2015లో ఆ పత్రం వచ్చింది.

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డెట్లెఫ్ నాపె, మే సున్ తదితరులు కలిసి 2016లో ప్రచురించిన పత్రం లెక్కలు బయటపెట్టింది. ఫ్యాక్టరీకి దిగువన, నీళ్లు తోడే చోట జెన్‌ఎక్స్ సగటున లీటరుకు 631 నానోగ్రాములు ఉంది. ఓజోన్ సహా శుద్ధి కేంద్రంలోని దశలన్నీ దాటి అది కుళాయిలోకి వస్తోంది. అదే పత్రంలో మరో మాట ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. అదే కుటుంబానికి చెందిన మరో మూడు రసాయనాల సంకేతం జెన్‌ఎక్స్ సంకేతం కంటే పలు రెట్లు పెద్దదిగా కనిపించింది. అవి ఎంత ఉన్నాయో మాత్రం చెప్పలేకపోయారు, ఎందుకంటే పోల్చి చూడటానికి వాటి స్వచ్ఛమైన నమూనా మార్కెట్‌లో దొరకదు. ఉందని తెలుసు, ఎంతో తెలియదు. ఈ రంగంలో తరచూ ఎదురయ్యే స్థితి ఇదే. 2014లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ప్రతిపాదించిన అయిదు మెట్ల విధానం, రసాయనాన్ని ఎంత నమ్మకంగా గుర్తుపట్టారో దాచకుండా చెప్పడానికే. కేవలం బరువు తెలిస్తే అయిదో మెట్టు, స్వచ్ఛమైన నమూనాతో పోల్చి నిర్ధారిస్తే ఒకటో మెట్టు.

పత్రం వచ్చాక కూడా నెలల తరబడి ఊళ్లో చలనం లేదు. 2017 జూన్‌లో స్థానిక దినపత్రిక రాశాకే గగ్గోలు మొదలైంది. ఆ తర్వాత విల్మింగ్టన్ నీటి సంస్థ భారీ కార్బన్ ఫిల్టర్లు కట్టుకుంది, 2022లో అవి పనిచేయడం మొదలుపెట్టాయి. (అదే రాష్ట్రంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే క్యారీ పట్టణానికి నీళ్లు వచ్చేది ఎగువన ఉన్న జోర్డాన్ సరస్సు నుంచి. వార్త ఒకటే అయినా నీళ్లు వేరు.)

పటాన్‌చెరు చూపించినది

ప్రపంచవ్యాప్తంగా ఈ రంగంలో పరిశోధన చేసే ఎవరి సిద్ధాంత వ్యాసం తెరిచినా, మొదటి అధ్యాయంలో ఒక తెలుగు ఊరి పేరు కనిపించే అవకాశం చాలా ఎక్కువ. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన యోకిం లార్సన్ బృందం, పటాన్‌చెరులో సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ గరిష్ఠంగా లీటరుకు 31 మిల్లీగ్రాములు ఉంది. నానోగ్రాముల్లో రాస్తే 3 కోట్ల 10 లక్షలు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే ఇది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు, ఆ నీళ్లతో పోతోందని అంచనా వేశారు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మొత్తం అది.

రెండేళ్లకు, 2009లో, అదే పరిశోధన కొనసాగింపుగా చుట్టుపక్కల చెరువులను, ఆరు గ్రామాల బావులను చూశారు. పరీక్షించిన బావులన్నింటిలోనూ మందుల జాడ ఉంది. జలుబుకు వాడే సెట్రిజిన్, మానసిక కుంగుబాటుకు వాడే సిటాలోప్రామ్ వంటివి పలు బావుల్లో లీటరుకు 1 మైక్రోగ్రాముకు మించి కనిపించాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ స్థాయిని పట్టడానికి అత్యాధునిక యంత్రం అక్కర్లేదు. అప్పటికి హైదరాబాద్‌లో ఉన్న పరికరాలతోనే కొలవచ్చు. ఎవరూ ఆ పేర్లతో వెతకకపోవడమే అసలు అడ్డంకి. ఇసుకవాగు, నక్కవాగు కలుషితమయ్యాయని ఆ ప్రాంత రైతులు, ఉద్యమకారులు 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. నీళ్ల రంగు, వాసన గురించి వాళ్లు మాట్లాడితే, అధికారిక పరీక్షలు సీఓడీ, బీఓడీ అంకెల్లో (నీళ్లలోని వ్యర్థం ఎంత ఆక్సిజన్ లాగేసుకుంటుందో చెప్పే లెక్కల్లో) జవాబిచ్చాయి. సీఓడీ అంకెలో బెల్లం నీళ్లకూ యాంటీబయాటిక్ నీళ్లకూ తేడా తెలియదు.

ఏలూరు ఉదంతం దీనికి రెండో వైపు. 2020 డిసెంబరులో అక్కడ 600 మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రుల్లో చేరారు. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షకు వెళ్లాయి. మొదట రక్త నమూనాల్లో సీసం, నికెల్ అన్నారు. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది స్పష్టంగా తేలలేదు. అత్యవసరం ముంచుకొచ్చాక ఏ పేరుతో వెతకాలో తెలియని స్థితిలో, ఒక్కో ల్యాబ్ తన దగ్గరున్న జాబితాతో వెతికితే ఒక్కో జవాబు రావడం సహజం. మామూలు రోజుల్లో అదే ఊరి నీళ్లలో ఏముండేదో రికార్డు ఉంటే పోల్చి చూడటానికి వీలుండేది. మూడు కాలాల్లో, పది చోట్ల నీళ్లు పట్టి పరీక్షించే పీహెచ్‌డీ పనికి పత్రికల్లో చోటు దొరకదు గానీ, ఇలాంటి రోజున అక్కరకొచ్చేది ఆ రికార్డే.

హద్దులు ఎక్కడున్నాయి

యూరోపియన్ యూనియన్ 2020 నాటి తాగునీటి ఆదేశంలో 20 పీఫాస్‌ల మొత్తానికి లీటరుకు 100 నానోగ్రాముల హద్దు పెట్టింది, సభ్యదేశాలు 2026 జనవరి నుంచి దాన్ని పాటించాలి. అమెరికాలో పీఎఫ్‌ఓఏ, అదే కుటుంబపు పీఎఫ్‌ఓఎస్‌లకు చెరో 4 నానోగ్రాములు, జెన్‌ఎక్స్ వంటివాటికి 10 నానోగ్రాములు అని 2024లో నిర్ణయించారు. 2025 మేలో మొదటి రెండింటిని ఉంచి, మిగతావాటిని వెనక్కి తీసుకుంటామని, గడువును 2031 దాకా పొడిగిస్తామని ఈపీఏ ప్రకటించింది. రసాయనం మారలేదు, మారింది ప్రభుత్వం.

మన ఐఎస్ 10500 ప్రమాణం 2012 నాటిది. అందులో కొన్ని పురుగుమందులకు మైక్రోగ్రాముల్లో హద్దులు ఉన్నాయి. మందుల అవశేషాలకు, పీఫాస్‌కు వరుసలు లేవు. ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నియమాలు వచ్చేసరికి ఆ పట్టిక కనిపించలేదు. ఊళ్లలో జల్ జీవన్ మిషన్ కింద ఇచ్చే పరీక్ష కిట్లు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మిగిలిన క్లోరిన్ వంటివాటి కోసం ఉద్దేశించినవి. నల్గొండ లాంటి చోట ఫ్లోరైడ్ చూడటం ఎంతో అవసరం. ఆ కిట్టు నుంచి అంతకు మించి ఆశించకూడదు.

ఇంట్లో ఏం పనిచేస్తుంది అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, పీఫాస్ చెక్కుచెదరదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ కాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ పొర చాలావాటిని ఆపుతుంది. మంచి కార్బన్ ఫిల్టర్ కూడా ఆపుతుంది గానీ, దాని సామర్థ్యం నిండాక వదిలేయడం మొదలవుతుంది. ఎప్పుడు నిండిందో టీడీఎస్ మీటర్ చెప్పలేదు. ఆర్‌ఓ వదిలే వృథా నీళ్లలోకి ఆ రసాయనమంతా చేరి డ్రైనేజీలో కలుస్తుంది.

పాత నీళ్లను మళ్లీ వెతకడం

శుద్ధి చేస్తే పోయిందనుకున్న రసాయనం రూపు మార్చుకుని ఉండవచ్చన్నది ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా తవ్వుతున్న విషయం. అమెరికాలో సియాటిల్ ప్రాంతపు వాగుల్లో వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు చచ్చిపోతుంటే, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం కారు టైర్ల అరుగుడు నుంచి వచ్చిన సుమారు 2,000 రసాయనాలను దశలవారీగా వడపోసి 2020 డిసెంబరులో దోషిని పట్టుకుంది. అది టైర్లలో కలిపిన పదార్థం కాదు. ఆ పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి పుట్టింది. టైరు కంపెనీ పట్టికలో దాని పేరు ఉండే వీలే లేదు. క్లోరిన్, ఓజోన్ వాడే ప్రతి శుద్ధి కేంద్రంలోనూ మందుల అవశేషాలకు ఇలాంటి మార్పులు జరగవచ్చు.

హై రిజల్యూషన్ యంత్రాలతో ఒక వెసులుబాటు ఉంది. అవి ఆ బొట్టులో కనిపించిన సంకేతాలన్నింటినీ, గుర్తుపట్టనివాటితో సహా, ఫైలుగా దాచుకుంటాయి. కొత్త రసాయనం పేరు బయటపడినప్పుడు మళ్లీ నీళ్లు పట్టక్కర్లేదు, పాత ఫైలు తెరిచి ఆ బరువు ఉందో లేదో చూడవచ్చు. యూరప్‌లో 2005లో మొదలైన నార్మన్ నెట్‌వర్క్ దేశదేశాల ల్యాబ్‌ల ఫైళ్లను ఇలా ఒకచోట చేర్చి వెతికే ఏర్పాటు చేసింది. మన దగ్గర పీహెచ్‌డీ పూర్తయ్యాక ఆ ఫైళ్లు సాధారణంగా ల్యాబ్‌లోని ఏదో హార్డ్‌డిస్కులో ఉండిపోతాయి. వైవా అయి, విద్యార్థి ఉద్యోగంలో చేరి, ఆ కంప్యూటర్ మార్చే రోజున, మంజీర నీళ్లో కృష్ణా నీళ్లో ఆ ఏడాది ఎలా ఉన్నాయో చెప్పగలిగిన ఒకే ఒక్క రికార్డు దాంతోపాటే పోతుంది.